ఈ నాణెం ఎవరిది? ఏనాటిది?

పిల్లలూ, ఇవాళ్టి కబుర్లకి ఒక చిన్న వెండి నాణెం తీసుకుందాం. వెడల్పు 18, 19 మిల్లీమీటర్లు; మన పాత పావలా బిళ్ళ కూడా అంతే ఉండేది. బరువు నాలుగు గ్రాములకి కాస్త తక్కువ. బొమ్మ వైపు ఒక మగవాడి తల, దాని చుట్టూ ఆకుల దండ. బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ. రెండు వైపులా అంచు వెంబడి అక్షరాలు. అంతే. దీని మీద సంవత్సరం లేదు, విలువ ఇంతని చెప్పే అంకె లేదు, ఏ ఊరి టంకశాలలో కొట్టారో ఆ ఊరి పేరూ లేదు.

అయినా నాణేలు చదవడం వచ్చినవాళ్ళ చేతికిస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఆర్.ఐ.సి. ఒకటో సంపుటం, రెండో కూర్పు, టైబీరియస్, 30" అని చెప్పేస్తారు. అంటే ఇది రోమన్ చక్రవర్తి టైబీరియస్ కాలంలో, ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్ నగరంలో, క్రీ.శ. 15కీ 37కీ మధ్య కొట్టిన దినారియస్ అన్నమాట. తెలుగు బైబిల్లో దేనారం అని చదువుతామే, అదే.

ఇందులో గారడీ ఏమీ లేదు. రోమన్ చక్రవర్తుల నాణేల్లో ఇంతవరకు గుర్తించి అచ్చువేసిన రకాలు 40 వేలకు పైగా ఉన్నాయి. మన చేతిలో ఉన్నది వాటిలో ఏదో ఒకటి. ఫలానాదే అని మొదటే ఎవరూ చెప్పలేరు. ఇది కాదు, ఇది కాదు అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతారు. చివరికి మిగిలిందే జవాబు. ఆ కొట్టివేత ఎలా సాగుతుందో చూద్దాం.

మొదటి పని అక్షరాలు చదవడం కాదు, త్రాసులో పెట్టడం. బంగారం కొట్లో వాడే త్రాసు చాలు, గ్రాములో నూరో వంతు దాకా చూపిస్తుంది. రోమన్లకి నాణేనికి విడిగా ఇంత బరువనే లెక్క లేదు. ఒక పౌను వెండికి ఇన్ని నాణేలు కొట్టాలన్నదే వాళ్ళ లెక్క. ఆగస్టస్, టైబీరియస్ కాలాల్లో పౌనుకి 84 దినారియస్‌లు. రోమన్ పౌను మన లెక్కలో దాదాపు 325 గ్రాములు. భాగించి చూడండి, ఒక్కొక్కటి 3.87 గ్రాములు వస్తుంది. తరవాత నీరో చక్రవర్తి క్రీ.శ. 64 ప్రాంతంలో అదే పౌనుకి 96 కొట్టించాడు. అప్పటి నాణెం 3.4 గ్రాములకి పడిపోయింది. కాబట్టి కొత్తగా మెరిసే దినారియస్ 3.4 దగ్గర ఆగితే అది నీరో ముందుది కాకపోవచ్చు. 3.8 పైన తూగితే నీరోకి ముందుదని మొగ్గవచ్చు. బాగా అరిగిన నాణెం దగ్గర మాత్రం ఈ లెక్కని నమ్ముకోకూడదు. నూరేళ్ళు చేతులు మారిన వెండి కొంత బరువు పోగొట్టుకుంటుంది మరి.

రెండో పని లోహం చూడటం. పైకి వెండిలా ఉన్నదంతా వెండి కాదు. ఆ రోజుల్లోనే దొంగ టంకశాలల వాళ్ళు రాగి బిళ్ళకి పల్చని వెండి రేకు తొడిగి, దాని మీద ముద్ర కొట్టేవారు. ఇక్కడ ఆర్కిమిడీస్ పద్ధతి అక్కరకొస్తుంది. నాణేన్ని సన్నని దారంతో కట్టి గాలిలో ఒకసారి, నీళ్ళలో ముంచి ఒకసారి తూచండి. వెండి సాంద్రత 10.5, రాగిది 9కి కొంచెం తక్కువ. 3.9 గ్రాముల మంచి వెండి నాణెం నీళ్ళలో 0.37 గ్రాము తేలికవుతుంది. అదే పరిమాణంలో రాగి బిళ్ళయితే గాలిలో తూచినప్పుడే 3.3 గ్రాములు మించదు. నాణేన్ని కోయకుండా, గీకకుండా దాని కడుపులో ఏముందో తెలుసుకునే ఉపాయం ఇది.

ఇప్పుడు ఎక్స్ కిరణాలతో లోహాన్ని పరీక్షించే యంత్రాలు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. కాని అవి పైపొరనే చూస్తాయి. పాత వెండి నాణెం పైపొరలో రాగి తగ్గి వెండి ఎక్కువగా ఉంటుంది. నీరో తగ్గించిన దినారియస్‌లో వెండి 93 శాతం ఉందని చాలాకాలం అనుకున్నారు. కెవిన్ బుచర్, మాథ్యూ పాంటింగ్ అనే పరిశోధకులు నాణేల లోపలికి సన్నగా తొలిచి ఆ పొడిని పరీక్షిస్తే మొదట కొట్టినవాటిలో 80 శాతమే తేలింది. వాళ్ళ పుస్తకం 2014లో వచ్చింది. పైపైన చూసి తీర్పు చెప్పకూడదని పెద్దలు మనుషుల గురించే కాదు, వెండి గురించి కూడా చెప్పి ఉంటే బాగుండేది!

ఇక బొమ్మ వైపుకి వద్దాం. తల మీద ఏముంది? ఆకుల దండా, లేక సూర్యకిరణాల్లా పొడుచుకొచ్చిన కిరీటమా? కిరణాల కిరీటం వెండి నాణెం మీద ఉంటే అది క్రీ.శ. 215లో కారకల్లా మొదలుపెట్టిన పెద్ద నాణెం అయి ఉంటుంది, దినారియస్ కాదు. గడ్డం ఉందా? నిండుగా పెరిగిన గడ్డం హేడ్రియన్‌తో, అంటే క్రీ.శ. 117 తరవాత, చక్రవర్తుల్లో వాడుక అయింది. అంతకు ముందు చాలామందివి నున్నని చెంపలే. మన నాణెం మీద ఆకుల దండ ఉంది, గడ్డం లేదు. ఈ రెండు మాటలతోనే 40 వేలలో చాలా భాగం కొట్టివేతకి పోయింది.

ఆ తరవాత అక్షరాలు. గడియారం ముల్లు తిరిగే దిక్కున చదవాలి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, మాటలు సగం సగమే ఉంటాయి. ఇంగ్లీషు 'యు' ఉండాల్సిన చోట 'వి' ఉంటుంది. మన నాణెం మీద ఉన్నది: టి ఐ సీజర్ డివి ఎ వి జి ఎఫ్ ఆగస్టస్. అంటే 'దేవుడైన ఆగస్టస్ కుమారుడు టైబీరియస్ సీజర్ ఆగస్టస్'. చివర ఆగస్టస్ అని కనిపించగానే ఇది ఆగస్టస్ నాణెమే అనుకుని పొరపడేవాళ్ళు చాలామంది. ఆయన తరవాత వచ్చిన చక్రవర్తులందరూ ఆ పేరుని బిరుదుగా పెట్టుకున్నారు. అసలు మనిషి ఎవరో తెలియాలంటే మొదటి రెండక్షరాలు చూడాలి. టి, ఐ అంటే టైబీరియస్.

సంవత్సరం లేని నాణేనికి సంవత్సరం చెప్పేవి ఈ బిరుదులే. మన పాతకాలపు శుభలేఖల్లో పెళ్లికొడుకు అన్నగారి పేరు పక్కన బి.ఏ. అనీ, రెండేళ్ళ తరవాత ఇంకో శుభలేఖలో అదే పేరు పక్కన బి.ఏ., బి.ఎల్. అనీ అచ్చువేసేవారు గుర్తుందా? తేదీ చిరిగిపోయినా ఏది ముందుదో ఏది వెనకదో తెలిసిపోయేది. రోమన్ చక్రవర్తి బిరుదులూ అలాగే పెరుగుతూ పోతాయి. అందులో 'ట్రిబ్యూన్ అధికారం' అనేది ఏటేటా కొత్తగా లెక్కపెట్టేవారు. సెప్టిమియస్ సెవెరస్ నాణెం మీద టి ఆర్ పి, ఆ పక్కన పద్దెనిమిది అంకె కనిపించిందనుకోండి. ఆయన గద్దెనెక్కింది 193లో. అది మొదటి లెక్క. దానికి 17 కలిపితే 210. ఆ నాణెం సంవత్సరం దొరికేసింది. కాన్సుల్ పదవి ఎన్నోసారి, 'దేశపిత' బిరుదు ఉందా లేదా, ఏ యుద్ధంలో ఎవర్ని గెలిచానని చెప్పుకున్నాడు, ఇవన్నీ అలా ఉపయోగపడేవే.

టైబీరియస్ నాణెం బొరుసు మీద 'పాంటిఫ్ మాగ్జిమ్' అని ఉంది. ప్రధాన పురోహితుడని అర్థం. టైబీరియస్ ఆ పదవి తీసుకున్నది క్రీ.శ. 15 మార్చి 10న. చనిపోయింది 37లో. కాబట్టి ఇది ఆ మధ్యదే. అక్షరాల నడుమ కూర్చున్న స్త్రీ ఎడమ చేతిలో కొమ్మ, కుడి చేతిలో పొడవాటి దండం ఉన్నాయి. ఆమె శాంతి దేవత పాక్స్ అనీ, ఆ రూపంలో ఉన్నది టైబీరియస్ తల్లి లివియా అనీ చాలామంది అంటారు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆగస్టస్ కూడా తన చివరి రోజుల్లో, క్రీ.శ. 13, 14లో, ఇదే స్త్రీనీ ఇవే అక్షరాలనీ బొరుసు మీద వేయించాడు. ఒక్క బొరుసే చూసి కేటలాగులో నంబరు పెడితే దారి తప్పుతాం. ఆయన నాణేనికి బొమ్మ వైపు 'దేశపిత' అన్న బిరుదు ఉంటుంది. టైబీరియస్ ఆ బిరుదు వద్దన్నాడు. రెండు వైపులూ కలిపి చదివితేగానీ నాణెం తన పేరు చెప్పదు.

ఇప్పుడు పుస్తకం తెరవొచ్చు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో హెన్రీ కోహెన్ అనే ఆయన రోమన్ చక్రవర్తుల నాణేలన్నిటికీ పెద్ద జాబితా రాశాడు. మొదటి కూర్పు 1859లో మొదలైంది. ఒక్కొక్క చక్రవర్తి కింద బొరుసు అక్షరాలని అకారాది క్రమంలో పెట్టాడు. వెతుక్కోవడానికి హాయిగా ఉండేది. కానీ ఏ నాణెం ముందు కొట్టారు, ఏది తరవాత, ఏ ఊళ్ళో కొట్టారు అన్నది దాంట్లో కనబడేది కాదు. 1923లో హెరాల్డ్ మాటింగ్లీ, ఎడ్వర్డ్ సిడెన్‌హామ్ ఇంగ్లండులో 'రోమన్ ఇంపీరియల్ కాయినేజ్' మొదలుపెట్టారు. ఆర్.ఐ.సి. అంటే అదే. ఇందులో చక్రవర్తి, టంకశాల, కాలం అనే క్రమంలో నాణేలని అమర్చారు. పదో సంపుటం 1994లో వచ్చింది. అంటే ఒక పని పూర్తి కావడానికి 71 ఏళ్ళు. మొదలుపెట్టినవాళ్ళు ముగింపు చూడలేదు. ఈలోగా మొదటి సంపుటం పాతబడితే సదర్లాండ్ అనే పండితుడు దాన్ని 1984లో తిరగరాశాడు.

అందుకే నంబరు చెప్పేటప్పుడు కూర్పు కూడా చెప్పాలి. మన నాణేన్ని పాత ఆర్.ఐ.సి.లో వెతికితే 3. కొత్త కూర్పులో 30. బ్రిటిష్ మ్యూజియం కేటలాగులో 48. కోహెన్‌లో 16. నాణెం ఒక్కటే, నంబర్లు నాలుగు. పాత వేలం జాబితాలో 3 అనీ కొత్తదానిలో 30 అనీ చూసి ఇవి వేరువేరు నాణేలనుకోకండి. నగర ప్రభుత్వాలు గ్రీకు అక్షరాలతో కొట్టుకున్న నాణేలు ఆర్.ఐ.సి.లో ఉండవు. వాటికి 1992లో మొదలైన 'రోమన్ ప్రొవిన్షియల్ కాయినేజ్' ఉంది. చక్రవర్తులు రాకముందు రిపబ్లిక్ రోజుల నాణేలకి 1974లో వచ్చిన మైకేల్ క్రాఫర్డ్ పుస్తకం ఉంది. ఏ పుస్తకం తెరవాలో తెలిస్తే పని సగమైనట్టే.

ఈ పుస్తకాలు కొనాలంటే మన బోటివాళ్ళ చేతికి అందవు. ఆ బెంగ ఇప్పుడు లేదు. అమెరికన్ న్యూమిస్‌మాటిక్ సొసైటీ, న్యూయార్క్ విశ్వవిద్యాలయం కలిసి ఆర్.ఐ.సి. రకాలన్నిటినీ ఇంటర్నెట్‌లో పెట్టాయి. దాని పేరు ఓక్రే. కనబడిన నాలుగు అక్షరాలూ, లోహం, బొమ్మలో ఉన్నదీ ఎంచుకుంటే అది మిగిలిన రకాలని చూపిస్తుంది. చాలావాటికి పెద్ద మ్యూజియాల ఫోటోలు కూడా ఉన్నాయి. పైసా ఖర్చు లేదు.

ఇంత చేశాక కూడా చివరి మెట్టు ఒకటి మిగులుతుంది. కూర్చున్న స్త్రీ బొమ్మ ఉన్న టైబీరియస్ నాణేలు ఆర్.ఐ.సి.లో ఒక్క 30 దగ్గరే లేవు. తేడా ఎక్కడుందంటే కుర్చీ కాళ్ళలో! సాదా కాళ్ళయితే 26. చెక్కుడు పనితో ఉండి, కుర్చీ కింద ఒకే గీత ఉంటే 30. చేతిలో ఉన్నది దండమా, తలకిందులుగా పట్టిన బల్లెమా అన్నదీ చూడాలి. భూతద్దం పట్టుకుని కుర్చీ కాళ్ళు పరీక్షించే పెద్దమనుషుల్ని చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆ కాళ్ళ తేడాని బట్టే ఏ నాణేలు ముందువి, ఏవి వెనకవి అని వరస కట్టారు.

నంబరు దొరికిందంటే నాణెం నిజమైనదని కాదు. నకిలీ నాణేనికీ అదే నంబరు వస్తుంది. అసలు నాణేలని చేత్తో చెక్కిన రెండు అచ్చుల మధ్య వేడి బిళ్ళని పెట్టి సుత్తితో కొట్టేవారు. ఒక అచ్చు అరిగితే ఇంకొకటి చెక్కేవారు. ఏ రెండు అచ్చులూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకే అచ్చులో పుట్టినవైనా ఒకదాని అంచు ఒకవైపు విరిగి ఉంటుంది, ఇంకొకటి ఇంకోలా అరిగి ఉంటుంది. కాబట్టి రెండు నాణేలకి అరుగుదల, గీతలు, అంచు చీలిక అన్నీ ఒక్కలాగే ఉంటే అవి మూసలో పోసిన నకిలీలే. పోతపోసినవాటికి పైన గాలిబుడగల గుంటలు, అంచున అతుకు గీత కూడా కనిపిస్తాయి.

ఇంత దూరం వచ్చాక, లియోన్‌లో కొట్టిన నాణెంతో మనకేం పని అని అడగొచ్చు. ఆ నాణేలు మన పొలాల్లో దొరుకుతాయి కనుక! నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒకేచోట 1531 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఆగస్టస్‌వీ టైబీరియస్‌వీ. హైదరాబాదు మ్యూజియం తరఫున పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద ప్రత్యేకంగా ఒక కేటలాగు తెచ్చారు. మిరియాలకీ ముత్యాలకీ సన్నని బట్టలకీ రోమన్లు ఇచ్చిన సొమ్ము ఇది. ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు ఇండియాకి పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ తన పుస్తకంలో వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక దినారియస్. మన దగ్గర దొరికే వెండిలో నీరో తగ్గించకముందు కొట్టినదే ఎక్కువ. మన వర్తకులు వెండి మంచిచెడ్డలు చూసి పుచ్చుకునేవారనడానికి ఇదొక సాక్ష్యమని చాలామంది పండితులు అంటారు.

కాని ఇంకో కథ వినండి. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకలు అడ్డుపడ్డాయి. తవ్వితే ఒక చిన్న గుడి శిథిలం, దాని కింద కుండలో రోమన్ బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావాటిని కరిగించేశారు. ముప్పై చిల్లర మాత్రం నవాబు కొడుకు చేజిక్కించుకున్నాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ ఈ సంగతంతా ఉత్తరంగా రాస్తే 'ఆసియాటిక్ రిసెర్చెస్' రెండో సంపుటంలో అచ్చయింది. ట్రేజన్, హేడ్రియన్, ఫాస్టీనా నాణేలున్నాయని ఆయన రాశాడు. కొన్ని నిన్ననే టంకశాలలోంచి వచ్చినట్టున్నాయట. కొన్నింటికి చిల్లులున్నాయి, ఎవరో మెడలో వేసుకుని ఉంటారు.

ఆ కొద్ది వాక్యాల నుంచి ఎంత తెలుస్తోందో చూడండి. కుండలో అన్నిటికన్నా కొత్త నాణెం ఏదో తెలిస్తే కుండని అంతకు ముందు పాతిపెట్టలేదని తెలుస్తుంది. ఫాస్టీనా రాణి అయింది 138లో. కాబట్టి ఆ కుండ 138కి ముందుది కాదు. కరిగిపోయినవాటిలో ఇంకా కొత్తది ఉందేమో, ఆ మాట ఇక ఎవరూ చెప్పలేరు. కేటలాగు నంబరు నాణెం పుట్టుక వరకే చెబుతుంది. అది ఎక్కడెక్కడ తిరిగింది, ఎవరి మెడలో వేలాడింది, మన ఊరికి ఎప్పుడొచ్చింది అన్న సంగతులు చెప్పేది అది దొరికిన చోటు, దానితోపాటు దొరికిన మిగతా నాణేలు, దాని మీది చిల్లులూ గాట్లూ. తమిళనాడు పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 రోమన్ బంగారు నాణేల్లో నూటికి తొంభైకి పైగా రాజు ముఖం మీద ఉలితో గాటు పెట్టి ఉన్నాయి. ఆ గాటు ఏ ఆర్.ఐ.సి.లోనూ లేదు. అది మన దేశంలో పడిన గాటు.

కాబట్టి పిల్లలూ, మీ ఊళ్ళో పునాది తవ్వుతుంటేనో, చెరువు పూడిక తీస్తుంటేనో ఇలాంటిది దొరికితే చింతపండు, విభూతి పెట్టి తోమకండి. అక్షరాలతోపాటు వెండి కూడా పోతుంది. కంసాలి దగ్గరికి తీసుకెళ్ళకండి. కుండని, కుండపెంకులని, నాణేలని విడదీయకండి. దొరికిన చోట ఫోటో తీసి, ఏ చేను, ఎంత లోతు అన్నది కాగితం మీద రాసుకోండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. నంబరు ఎవరైనా తరవాతైనా వెతికిపెట్టగలరు. ఎక్కడ దొరికిందో చెప్పగలిగింది మాత్రం మీరొక్కరే.